మాట్లాడని ఆటగాళ్లను అభిమానులు, మీడియా ఎలా చూస్తారు? మీ చెల్లెలు తన తీరు మార్చుకోవాలా?

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. పేరు మోసిన ఆటగాళ్లలో తక్కువ మాట్లాడేవాళ్లను అభిమానులూ మీడియా తరచుగా పొగరుబోతులుగా ఎందుకు చూస్తారన్నది మొదటిది. హనుమకొండలో శిక్షణ తీసుకుంటూ 400 మీటర్ల పరుగులో జూనియర్ నేషనల్స్ దాకా వెళ్లిన మీ చెల్లెలు, పతకం గెలిచిన రోజున విలేకరులకు రెండు ముక్కల్లో జవాబు చెప్పి వెళ్లిపోయిందని, ఆమెకు 'టెక్కు' అని ఒక పత్రిక జిల్లా పేజీలో దెప్పుతూ రాశారు కాబట్టి, ఆమె తన తీరు మార్చుకోవాలా అన్నది రెండోది. వరంగల్ కేంద్రంగా పాతికేళ్లకు పైగా క్రీడావార్తలు రాశాను. ఇప్పుడు కొందరు యువ క్రీడాకారులకు విలేకరులతో ఎలా మెలగాలో చెబుతున్నాను. ఆ అనుభవంతో ఈ రెండింటికీ కాస్త వివరంగానే సమాధానం రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. ఆటగాడి మౌనానికి చూసేవాళ్లు స్కోరుబోర్డును బట్టి అర్థం పెడతారు. గెలిచిన రోజున అదే మౌనం నిగ్రహం, ఏకాగ్రత, ఒదిగి ఉండే గుణం అనిపించుకుంటుంది. ఓడిన రోజున, లేదా జట్టులో గొడవ వచ్చిన రోజున, పొగరు, నిర్లక్ష్యం, అంటీముట్టని తనం అవుతుంది. మనిషి మాత్రం రెండు రోజులూ ఒకేలా ఉంటుంది. అందువల్ల స్వభావం మార్చుకున్నంత మాత్రాన ఈ చిక్కు తీరదు. తీరే దారి వేరే ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇందుకు మన దగ్గరి ఉదాహరణల్లో నాకు అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది సికింద్రాబాద్‌లో పెరిగిన క్రికెటర్ మిథాలీ రాజ్. 2017 జూన్ 24న డెర్బీలో ఇంగ్లండ్‌తో ప్రపంచకప్ తొలి మ్యాచ్ జరుగుతుండగా, ప్యాడ్లు కట్టుకుని తన బ్యాటింగ్ వంతు కోసం ఎదురుచూస్తూ ఆమె పుస్తకం చదువుకుంటున్న దృశ్యం టీవీలో కనిపించింది. ఓపెనర్లు పూనమ్ రౌత్, స్మృతి మంధాన తొలి వికెట్‌కు 144 పరుగులు చేయడంతో ఆమెకు చదువుకునే తీరిక దొరికింది. తర్వాత బ్యాటింగ్‌కు వెళ్లి 71 పరుగులు చేసింది. అది వన్డేల్లో ఆమెకు వరుసగా ఏడో అర్ధసెంచరీ, అప్పటికి ఎవరికీ లేని రికార్డు. ఇండియా గెలిచింది. ఆ ఒక్క ఫొటో దేశమంతా తిరిగింది. ఎంత నిబ్బరం, ఎంత ప్రశాంతత అని అందరూ మెచ్చుకున్నారు. ఆ టోర్నీలో జట్టు లార్డ్స్‌లో ఫైనల్ దాకా వెళ్లి 9 పరుగుల తేడాతో ఓడిపోయింది. అయినా కెప్టెన్‌గా ఆమె ప్రతిష్ఠ పెరిగిందే తప్ప తగ్గలేదు.

డెర్బీ మ్యాచ్ జరిగి సుమారు 17 నెలలు గడిచాయి. 2018 నవంబర్‌లో వెస్టిండీస్‌లో జరిగిన టీ20 ప్రపంచకప్‌లో, పాకిస్తాన్ మీద, ఐర్లండ్ మీద అర్ధసెంచరీలు చేసిన మిథాలీని ఇంగ్లండ్‌తో సెమీఫైనల్‌కు పక్కన పెట్టారు. జట్టు ఓడిపోయింది, రచ్చ మొదలైంది, బోర్డుకు రాసిన ఉత్తరాలు బయటికి వచ్చాయి. అప్పటి కోచ్ ఇచ్చిన నివేదికలో ఆమె ఎవరితోనూ కలవదనీ, ఆమెతో వేగడం కష్టమనీ ఉన్నట్టు పత్రికలన్నీ రాశాయి. జట్టు ఎంపికలో తప్పెవరిదన్న వాదనలోకి నేను వెళ్లడం లేదు. ఒక్క విషయం మాత్రం గమనించండి. డెర్బీ బౌండరీ దగ్గర అందరికీ ముద్దొచ్చిన గుణమే ఆ నివేదికలో ఫిర్యాదుగా మారింది. తన లోకంలో తాను ఉండడం, గుంపులో కలిసి కబుర్లు చెప్పకపోవడం రెండు చోట్లా ఒకటే. మధ్యలో మారినదల్లా ఫలితం, జట్టులో ఆమె స్థానం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ 2017 ప్రపంచకప్ ప్రారంభానికి ముందు జరిగిన విందులో, పురుష క్రికెటర్లలో మీ అభిమాన ఆటగాడెవరని ఒక విలేకరి అడిగితే, ఇదే ప్రశ్న ఎప్పుడైనా పురుష క్రికెటర్‌ను అడిగారా అని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. తక్కువ మాట్లాడేవాళ్లకు మాటలు రావనుకోవడం పొరపాటు. వాళ్లు తమకు అవసరమనిపించినప్పుడే మాట్లాడతారు, అంతే.

ఇక మీడియా ఇలా ఎందుకు చేస్తుందన్నదానికి వస్తే, నేను ఆ పనిలోనే బతికినవాణ్ని కాబట్టి కొంత లోపలి సంగతి చెప్పగలను. చాలామంది అభిమానులు విలేకరికి ఆటగాడి మీద కోపమో కక్షో ఉందనుకుంటారు. నూటికి తొంభై సందర్భాల్లో అదేమీ ఉండదు, పని ఒత్తిడి ఉంటుంది. జిల్లా పేజీలను అచ్చుకు పంపడానికి రాత్రి త్వరగా మూసేస్తారు. సాయంత్రం జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో పోటీలు అయిపోయిన గంటా గంటన్నరలో వార్త డెస్క్‌కు చేరాలి. ఆ వార్తలో ఫలితం, టైమింగ్‌తో పాటు ఆటగాడు అన్న ఒక్క వాక్యం ఉంటే, డెస్క్‌లో కూర్చున్న సబ్ ఎడిటర్ దాన్నే హెడ్డింగ్ చేస్తాడు, లేదా బాక్స్ కడతాడు. ఆ ఒక్క వాక్యం దొరకనప్పుడు విలేకరి తన సొంత మాటల్లో మనిషిని వర్ణించాల్సి వస్తుంది. వర్ణనకు ఒక విశేషణం కావాలి, గడియారం చూస్తూ వెతికే విశేషణం ఎప్పుడూ అరిగిపోయినదే దొరుకుతుంది. 'ముభావంగా', 'ముక్తసరిగా', 'అంటీముట్టనట్టుగా' అన్న మాటలు అలా పేజీలోకి ఎక్కుతాయి. మరునాడు ఇంకో విలేకరి పాత వార్త చూసి అదే మాట వాడతాడు. మూడోసారికి అది ఆ ఆటగాడి ఇంటిపేరులా అతుక్కుపోతుంది.

టీవీ సంగతి ఇంకా మొరటు. దానికి బైట్ కావాలి, అంటే ముఖమూ గొంతూ కలిసి పది, పదిహేను సెకన్లు. మాట్లాడని మనిషిని చూపించడానికి టీవీ దగ్గర సాధనం లేదు, అందుకే మైకులన్నీ మాట్లాడే ఆటగాడి వైపు తిరుగుతాయి. ఒక సీజన్ గడిచేసరికి జట్టుకు ముఖం అతనే అవుతాడు, ఎక్కువ పరుగులు చేసినవాడు కాకపోయినా సరే. యూట్యూబ్ వచ్చాక మరో ఉపద్రవం తోడైంది. మాట్లాడే ఆటగాడి మీద ఎవరైనా అబద్ధపు థంబ్‌నెయిల్ పెడితే, అతను నిజంగా అన్నదేమిటో వెతికి పట్టుకోవడానికి పాత వీడియోలు ఉంటాయి. అసలు నోరు విప్పని మనిషి ఫొటో పక్కన ఏ మాట రాసినా కాదనడానికి ఆధారం ఉండదు. మౌనంగా ఉండేవాళ్లకు జరిగే అసలు నష్టం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. పొగరు అన్న నింద రేపటికి పోవచ్చు. వాళ్ల గురించిన కథ పూర్తిగా ఇతరుల చేతుల్లోకి వెళ్లిపోవడం మాత్రం అంత తేలిగ్గా పోదు.

ఎప్పుడో ఒకసారి మాట్లాడినా చిక్కే. వి.వి.ఎస్. లక్ష్మణ్ అంటే హైదరాబాద్ క్రికెట్‌లో మర్యాదకు మారుపేరు. 2001లో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద 281 పరుగులు చేసిన మనిషి, పదహారేళ్ల కెరీర్‌లో వివాదం అన్నది దగ్గరికి రానివ్వలేదు. 2012 ఆగస్టు 18న రిటైర్మెంట్ ప్రకటిస్తూ, కెప్టెన్ ధోనీకి చెప్పారా అని అడిగితే, ఆయనను ఫోన్‌లో పట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలిసిందే కదా అన్న ధోరణిలో సరదాగా ఒక మాట అన్నారు. మరునాటికి ఇద్దరికీ పడదన్న వార్తలు మొదలయ్యాయి, తర్వాత ఆయనే అదంతా వివరించుకోవాల్సి వచ్చింది. రోజూ జోకులు వేసే ఆటగాడు అదే మాట అంటే నవ్వి వదిలేసేవారు. అరుదుగా మాట్లాడేవాడి నోట వచ్చిన ప్రతి మాటనూ తూకం వేసి, అందులో ఏదో దాగి ఉందని వెతుకుతారు.

అభిమానుల వైపు నుంచి చూద్దాం. అభిమాని ప్రేమించేది తన మనసులో కట్టుకున్న మనిషిని, ఆ కట్టడానికి ఆటగాడి మాటలు, నవ్వులు, చిన్న చిన్న అలవాట్లు పనికొస్తాయి. ఆ సామగ్రి ఇవ్వని ఆటగాడి విషయంలో అభిమాని రెండింటిలో ఒకటి చేస్తాడు: పట్టించుకోవడం మానేస్తాడు, లేదా తన ఊహతోనే మొత్తం నింపుకుంటాడు. మన హనుమకొండలో పెరిగిన చదరంగం ఆటగాడు అర్జున్ ఎరిగైసినే తీసుకోండి. 2018లో 14 ఏళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 సెప్టెంబర్‌లో బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో ఇండియా స్వర్ణం గెలిచినప్పుడు, మూడో బోర్డు మీద 11 గేముల్లో 10 పాయింట్లు సాధించి వ్యక్తిగత స్వర్ణం కూడా తెచ్చుకున్నాడు. అదే ఏడాది డిసెంబర్‌లో ప్రపంచ చెస్ సమాఖ్య (ఫిడే) జాబితాలో 2801 రేటింగ్‌తో, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడిగా నిలిచాడు. ఆ నెలలోనే గుకేశ్ 18 ఏళ్లకు ప్రపంచ చాంపియన్ కావడంతో దేశం చూపంతా అటు వెళ్లింది, అందులో తప్పేమీ లేదు. కానీ హనుమకొండ చౌరస్తాలో నిలబడి అడిగితే అర్జున్ ముఖాన్ని ఎంతమంది గుర్తుపడతారన్నది నాకు అనుమానమే. అతను అంతర్ముఖుడా (ఇంట్రోవర్టా) కాదా అన్నది అతనికే తెలియాలి. ఇంటర్వ్యూల్లో మాత్రం మెల్లగా, అడిగిన మేరకే మాట్లాడతాడు. అదే మనిషి ఆట చూస్తే, డ్రాకు ఒప్పుకోకుండా చివరి దాకా కొట్లాడే దూకుడు. చదరంగాన్ని నిజంగా అనుసరించేవాళ్లు అతన్ని ఆ గేముల ద్వారానే ఎరుగుదురు. ఎత్తులన్నీ రాసి ఉంటాయి కాబట్టి ఆ ఆటలో మౌనం అంతగా నష్టం చేయదు.

ఆటను బట్టి సహనం మారుతుందన్నది కూడా ఇక్కడే గమనించవచ్చు. షూటింగ్‌లో, ఆర్చరీలో నిశ్చలంగా ఉండడం ఆటలో భాగం. అయినా 2008 ఆగస్టులో బీజింగ్‌లో దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన అభినవ్ బింద్రా, ఎగిరి గంతులు వేయలేదేమిటి, సరిగ్గా నవ్వలేదేమిటి అన్న ప్రశ్నలు తప్పించుకోలేకపోయాడు. గుండె వేగం తగ్గించుకోవడం సాధన చేసిన మనిషి, పతకం వచ్చిన మరుక్షణం సినిమా హీరోలా మారాలని మనం కోరుకున్నాం. కబడ్డీలో అయితే ఇంకా విచిత్రం: రెయిడ్ మొత్తం కూత ఆపకుండా పెట్టిన కుర్రాడు మైకు కనిపించగానే మూగబోవడం నేను మన జిల్లా పోటీల్లో ఎన్నోసార్లు చూశాను.

ఈ వ్యవహారంలో ఆడపిల్లలకు లెక్క మరీ కఠినంగా ఉంటుంది. మాట్లాడని అబ్బాయిని 'సీరియస్ మనిషి' అంటారు, మాట్లాడని అమ్మాయికి 'టెక్కు' అంటారు. పోనీ మాట్లాడితే బతకనిస్తారా అంటే అదీ లేదు. 2019లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్, ఒలింపిక్ క్వాలిఫయర్‌కు నేరుగా ఎంపిక చేయకుండా మేరీకోమ్‌తో ట్రయల్ పెట్టాలని బహిరంగంగా అడిగింది. అడిగింది న్యాయమైన విషయమే అయినా, అంత పెద్ద బాక్సర్‌తో పోటీకి దిగడానికి నువ్వెవరన్న మాటలు పడింది. డిసెంబర్‌లో ట్రయల్ జరిగింది, 9-1తో ఓడిపోయింది, బౌట్ అయ్యాక మేరీకోమ్ చేయి కలపలేదు. అప్పుడు ఆమెది నోటి దురుసు. 2022 మేలో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయ్యాక అదే నోరు ధైర్యం అయింది. నేను మొదట చెప్పిన స్కోరుబోర్డు లెక్క మాటకారులకు కూడా వర్తిస్తుందని చెప్పడానికే ఈ ఉదాహరణ. మీ చెల్లెలు రేపటి నుంచి గలగలా మాట్లాడినంత మాత్రాన నిందలు ఆగుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇంకొక ముఖ్యమైన విషయం ఉంది, దీన్ని మన ఉత్తర తెలంగాణలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మైకు ముందు కనిపించే మౌనమంతా అంతర్ముఖత్వం కాదు. ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ వైపు తండాల నుంచి, గూడేల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీయో కోయో గోండో మాట్లాడతారు, గురుకులంలో తెలుగు నేర్చుకుంటారు, పాటియాలాలోని జాతీయ శిక్షణ శిబిరానికి వెళితే హిందీ, విదేశీ మీట్‌కు వెళితే ఇంగ్లీషు. నాలుగో భాషలో ప్రశ్న అడిగి, జవాబు పొట్టిగా వచ్చిందని ఆ అమ్మాయి స్వభావం మీద తీర్పు చెప్పడం అన్యాయం. తన భాషలో స్నేహితులతో ఉన్నప్పుడు ఆ అమ్మాయే గుంపును నవ్విస్తూ ఉండవచ్చు. ఇక 400 మీటర్ల పరుగు సంగతి మీకు తెలియనిది కాదు. చివరి వంద మీటర్లలో కాళ్లు బిగుసుకుపోతాయి, గీత దాటాక చాలాసేపు ఊపిరి అందదు, కొందరికి వాంతి కూడా అవుతుంది. ఆ స్థితిలో రెండు నిమిషాలకే మైకు పెట్టి 'ఎలా ఫీలవుతున్నారు' అని అడిగితే, రెండు ముక్కలు రావడమే గొప్ప.

కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి ఉదాహరణను కూడా జాగ్రత్తగా చూడాలి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని ఆ ఊరి నుంచి వచ్చి, 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో టీ20 విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి అప్పటి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. ఇక్కడ టీ20 అంటే క్రికెట్ కాదు, మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం. కాబట్టి దీప్తి మితభాషిత్వాన్ని మామూలు అంతర్ముఖులతో కలిపి మాట్లాడడం సరికాదు. నేను చెప్పదలచినది మీడియా గురించి. ఆమె మీద వచ్చిన కథనాల్లో చాలా భాగం తల్లిదండ్రులూ కోచ్ నాగపురి రమేష్ చెప్పిన మాటలతో నిండి ఉన్నాయి, అది సహజమే. కానీ చిన్నప్పుడు చుట్టుపక్కలవాళ్లు ఆమెను ఎగతాళి చేసిన మాటలను, సానుభూతి పేరుతోనే, ప్రతి కథనంలో మళ్లీ మళ్లీ అచ్చు వేశారు. ఆ మాటలు తన పేరు పక్కన ఎప్పటికీ ఉండాలా వద్దా అన్నది ఆమెను ఎవరైనా అడిగారా? పరుగు టైమింగ్ గుర్తులేనివాళ్లకు కూడా ఆ ఎగతాళి మాటలు గుర్తున్నాయి. మెచ్చుకుంటూ రాసిన కథ కూడా మనిషి చేతిలో నుంచి జారిపోవచ్చని అందుకే అంటున్నాను.

మితిమీరిన మెప్పు మరో రకం బరువు. ఫ్రాన్స్ ఫుట్‌బాలర్ ఎంగోలో కాంటే 2018 ప్రపంచకప్ గెలిచాక ట్రోఫీని పట్టుకోవడానికి కూడా సిగ్గుపడితే, తోటి ఆటగాళ్లు అతని చేతికి అందించాల్సి వచ్చిందన్న కథ ప్రపంచమంతా ముచ్చటగా చెప్పుకుంది. ముచ్చటే. అయితే బిడియస్తుణ్ని ఒకసారి మహాత్ముణ్ని చేశాక, అతను జీతం పెంచమన్నా, కోచ్‌తో విభేదించినా, 'ఇతనూ ఇంతేనా' అని అభిమానులు నొచ్చుకుంటారు. నెమ్మదితనం వేరు, నిస్వార్థం వేరు. మన వర్ణనల్లో అవి రెండూ కలిసిపోతుంటాయి.

విదేశీ ఉదాహరణల్లో మీకు అన్నిటికన్నా ఉపయోగపడేది జపాన్ టెన్నిస్ క్రీడాకారిణి నవోమీ ఒసాకా. అప్పటికే నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన ఆమె, 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో విలేకరుల సమావేశాలకు రానని ముందే ప్రకటించింది. తొలి రౌండ్ గెలిచాక రానందుకు నిర్వాహకులు 15,000 డాలర్ల జరిమానా వేశారు. ఇలాగే కొనసాగితే ఇంకా పెద్ద శిక్ష ఉంటుందని నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ కలిసి హెచ్చరించాయి. మరునాడే ఆమె టోర్నీ నుంచి తప్పుకుంటూ, తాను అంతర్ముఖురాలిననీ, 2018 యూఎస్ ఓపెన్ తర్వాత డిప్రెషన్‌తో బాధపడ్డాననీ, మైకుల ముందు తీవ్రమైన ఆందోళన కలుగుతుందనీ చెప్పింది. ఇక్కడ విడదీసి చూడాల్సినవి ఉన్నాయి. అంతర్ముఖత్వం స్వభావం, దానికి చికిత్స అక్కర్లేదు. నలుగురిలో మాట్లాడాలంటే కలిగే విపరీతమైన ఆందోళన వేరు, డిప్రెషన్ పూర్తిగా వేరు. ఆ రెండింటికీ నిపుణుల సాయం కావాలి. మీ చెల్లెలు పోటీ అయ్యాక ఒంటరిగా కాసేపు కూర్చుని, తర్వాత హాయిగా అన్నం తిని నిద్రపోతే కంగారు పడకండి. విలేకరులు వస్తారన్న భయంతో పోటీకే వెళ్లనంటున్నా, రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా, ఇష్టమైన స్నేహితులకు కూడా దూరమవుతున్నా మాత్రం సైకాలజిస్టును కలవండి. టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. స్వభావం మార్చుకోవాల్సిన అవసరం లేదు, కానీ మాట్లాడే పనిని ఒక నైపుణ్యంగా నేర్చుకోవాలి, స్టార్టింగ్ బ్లాక్స్ నుంచి లేవడం నేర్చుకున్నట్టు. ఇక్కడ చాలామంది కోచ్‌లు పి.వి. సింధు కథ చెబుతారు. చిన్నప్పుడు ఆమె కోర్టులో నోరు మెదపకుండా ఆడుతుంటే, అందరి మధ్యా నిలబడి గట్టిగా అరిస్తేగానీ రాకెట్ ముట్టనివ్వనని గోపీచంద్ పట్టుబట్టారన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ కథను తప్పుగా అన్వయించి, పిల్లలను స్టేజీ ఎక్కించి బలవంతంగా ప్రసంగాలు చెప్పించే శిక్షకులను నేను చూశాను. గోపీచంద్ అడిగింది ఆటలో దూకుడు, ఎదుటివాళ్లకు లొంగనన్న సంకేతం. ఆయన స్వయంగా ఎంత తక్కువ మాట్లాడే మనిషో చూస్తే తెలుస్తుంది. మీ చెల్లెలి 400 మీటర్లకు అరుపులతో పని లేదు కాబట్టి ఆ మందు ఆమెకు అనవసరం.

ఆమెకు కావలసింది మూడు వాక్యాలు. ఒకటి రేసు గురించి: మొదటి 200 ఎలా పోయింది, ఎక్కడ పట్టు దొరికింది. రెండోది కోచ్‌కో పీఈటీకో కృతజ్ఞత. మూడోది తర్వాతి మీట్ ఎక్కడ, లక్ష్యం ఎంత. ఈ మూడూ తనకు ఇష్టమైన భాషలో, ఇంటి దగ్గర రెండు మూడుసార్లు చెప్పి చూసుకుంటే చాలు. విలేకరికి హెడ్డింగ్ దొరుకుతుంది, ఆమెకు పని అయిపోతుంది. ఇంటి సంగతులు, కుల సంగతులు, పేదరికం గురించి అడిగితే 'పరుగు గురించే మాట్లాడతాను సార్' అనడం మర్యాదగానే ఉంటుంది, అది కూడా సాధన చేయించండి. రేసు కాగానే మైకులు చుట్టుముట్టకుండా, పావుగంట తర్వాత వస్తుందని కోచ్ చెప్పాలి, చెప్పిన వేళకు ఆమె రావాలి. ఈ రెండో సగం చాలా ముఖ్యం, ఎందుకంటే రానన్నవాళ్లను విలేకరులు క్షమిస్తారు, వస్తానని రానివాళ్లను క్షమించరు.

దీనితో పాటు ప్రతి మీట్‌కు ముందు ఒక చిన్న కాగితం తయారు చేసి, స్థానిక విలేకరుల వాట్సాప్ గ్రూపులో పెట్టండి: పేరు సరైన అక్షరాలతో, ఊరు, చదివే చోటు, కోచ్ పేరు, అత్యుత్తమ టైమింగ్, గెలిచిన పతకాలు, ఒక మంచి ఫొటో. పేజీ మూసే వేళకు చేతిలో సరుకు ఉన్న విలేకరికి విశేషణాలు వెతుక్కునే అవసరం ఉండదు. జిల్లా స్థాయిలో ఇంత చిన్న పని చేసే కుటుంబాలు చాలా తక్కువ, చేసినవాళ్లకు వచ్చే తేడా మాత్రం వెంటనే కనిపిస్తుంది.

అన్నగా మీకు ఒక మాట. ఆమె మాట్లాడడం లేదని మీరు ముందుకు వచ్చి అంతా చెప్పేయకండి. ఇంట్లోవాళ్లు ప్రేమతో చెప్పిన కష్టాల కథే రేపు ఆమెకు గుర్తింపుగా మిగిలిపోతుంది, దీప్తి విషయంలో చూశాం కదా. ఏది చెప్పవచ్చో ముందుగా ఆమెనే అడగండి. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఉంటే ఫలితాలూ ఫొటోలూ చాలు, రోజూ రీల్స్ చేయాల్సిన పని లేదు, కామెంట్లు చదివే పని అసలే వద్దు. స్పాన్సర్ల విషయంలో మాత్రం నిజం చెప్పాలి: వాళ్లు పతకాలతో పాటు కెమెరా ముందు చలాకీతనాన్ని కూడా కొంటారు, అక్కడ ఆమెకు కొంత తగ్గవచ్చు. కానీ రైల్వేలోనో పోలీసు శాఖలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి చూసేది సర్టిఫికెట్లు, ట్రయల్స్‌లో టైమింగ్. మన వైపు నుంచి వెళ్లే చాలామంది అథ్లెట్ల జీవితం నిలబడేది ఆ ఉద్యోగం మీదే.

ఆ జిల్లా పేజీ వార్త గురించి వాట్సాప్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ జవాబులు రాయకండి. రాస్తే ఒక్క రోజు వార్త వారం రోజుల వార్త అవుతుంది. కోచ్ చేత ఆ విలేకరికి ఫోన్ చేయించి, ఒక ఉదయం ప్రాక్టీసు చూడటానికి రమ్మని చెప్పించండి. ఆరు గంటలకు స్టేడియానికి వచ్చి ఆమె వరుసగా 300 మీటర్ల రెప్స్ (అదే దూరాన్ని మళ్లీ మళ్లీ పరుగెత్తడం) చేయడం చూసిన మనిషి, తర్వాతి వార్తలో ఆ రెప్స్ గురించి రాసే అవకాశమే ఎక్కువ. 'టెక్కు' అన్న మాటకు సవరణ అడగవద్దు, అడిగినా ఎవరూ వేయరు. టైమింగో పోటీ పేరో తప్పు పడితే మాత్రం మరునాడే అడిగి వేయించుకోండి, ఎందుకంటే ఆ కటింగ్‌ను సర్టిఫికెట్ల ఫైల్లో దాచుకునేది మీరే, నాలుగేళ్ల తర్వాత ఉద్యోగం కోసం దాన్ని ముందేసుకుని సర్టిఫికెట్‌తో సరిపోల్చే అధికారికి ఈ సంగతులేవీ తెలియవు.